వెనక్కి నడిచే గడియారం గారికి

మహారాజశ్రీ అమెరికా కాలేజీ సాకర్ గడియారం గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరు కూడా 45:00 నుంచి క్షేమంగా దిగుతున్నారని తలుస్తాము.

మిగతా లోకంలో ఫుట్‌బాల్ టైము పైకి ఎక్కుతుంది. ఇంకెంత మిగిలిందో రిఫరీ చేతి వాచీకే ఎరుక. తమరు మాత్రం స్కోర్‌బోర్డెక్కి సున్నాకి దిగుతారు. మోకాళ్లు అరిగేదాకా క్లబ్బుల్లో ఆడి, కోచింగ్‌కని తమ పంచన చేరినవాడు ముందు మరిచిపోవాల్సింది ఇంజురీ టైమే, అంటే ఆట ఆగిన సేపటికి రిఫరీ చివర కలిపే నిమిషాలు. ఆఖరి పది సెకన్లు మైకులో లెక్కపెడతారు. సున్నా పడేసరికి బంతి గీత పూర్తిగా దాటలేదా, గోల్ లేదు. పోనీ గెలుస్తున్నప్పుడు ఆటగాణ్ని మార్చి, వాణ్ని పెళ్లినడక నడిపించి నాలుగు సెకన్లు మింగుదామా? ఆట చివరి నిమిషాల్లో ఆ పని చేస్తే తమరు ఠక్కున ఆగిపోతారు.

కొత్త కోచ్ పప్పులో కాలేసేది ఇక్కడే. బోర్డు మీద 15:00 చూసి ఆట ఇప్పుడే మొదలైందనుకుంటాడు. అప్పటికి 30 నిమిషాలైపోయాయి! కంగారుగా స్ట్రైకర్ని "కాసేపు కూర్చోరా" అని పిలుస్తాడు. మొదటి సగంలో బయటికొచ్చినవాడు ఆ సగంలో మళ్లీ దిగలేడు. రెండో సగంలో ఒక్కసారి దిగొచ్చు.

బాబీ క్లార్క్ గారు గుర్తున్నారా? స్కాట్లండ్ గోల్‌కీపర్. 1970-71లో అబర్డీన్ తరఫున వరసగా 1,155 నిమిషాలు గోల్ పడనివ్వలేదు. ఎక్కే నిమిషాలవి. 1985లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీకి కోచ్‌గా వచ్చారు. మధ్యలో న్యూజిలాండ్ జట్టు, ఆపైన స్టాన్‌ఫర్డ్, నోటర్ డేమ్ కాలేజీలు. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంఘం) టైటిల్ చేతికొచ్చింది 2013లో. అంత పెద్దాయన్నే 28 ఏళ్లు నిలబెట్టారు, మామూలువాళ్ల సంగతి చెప్పాలా?

తమ చుట్టాలు, అంటే ఆ సంఘం వారి గంటల రూల్స్, ఇంకా ఘనులు. సీజన్‌లో ఆటా సాధనా కలిపి వారానికి 20 గంటలే, రోజుకి 4 దాటకూడదు, ఒకరోజు సెలవు. కోచ్ కూర్చోబెట్టి చూపించే వీడియో కూడా ఆ లెక్కలోదే. మ్యాచ్ ఎంతసేపు సాగినా లెక్కలో 3 గంటలే. బస్సులో నడుం విరిగిన గంటలకి మాత్రం లెక్కాపత్రం లేదు. సీజన్ దాటితే వారానికి 8 గంటలు. ఇక కోచ్‌లు స్కూలు పిల్లల్ని జట్టుకి పిలవడం మొదలెట్టే జూన్ 15 వచ్చిందంటే, ఒకప్పుడు స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టిన మనిషి అర్ధరాత్రి మేలుకుని, పదో తరగతి దాటిన పిల్లలకి "నువ్వంటే మాకెంతో గురి, బాబూ" అని మెసేజ్‌లు కొడుతుంటాడు. పొద్దున లేచి పంపితే పక్క కాలేజీవాడు ఎగరేసుకుపోడూ!

ఇట్లు,
90 దాకా ఎక్కడమే నేర్చినవారు

తా.క.: లీగ్ మ్యాచ్‌ల ఓవర్‌టైమ్‌ని (స్కోరు సమమైతే ఆడించే అదనపు ఆట) 2022లో ఎత్తేశారు. సమంగా ఉన్నా తమరు సున్నా కొట్టి ఇంటికెళ్లిపోవచ్చు, అదృష్టవంతులు.