భయానికీ మత్తు కావాలి

పులిపిరి తీయడం, కొవ్వుగడ్డ కోయడం, అనుమానం కలిగించిన పుట్టుమచ్చ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపడం వైద్యుల లెక్కలో చిన్న పనులే. బల్ల మీద పడుకున్న మనిషికి మాత్రం కాదు. పెద్ద ఆపరేషన్‌లో చాలావరకు పూర్తి మత్తు ఇస్తారు కాబట్టి రోగికి ఏదీ తెలియదు. ఇక్కడ మత్తు కోసే చోటికే ఇస్తారు కాబట్టి కత్తెర చప్పుడు, రక్తం ఆపడానికి కాల్చినప్పటి వాసన, డాక్టరు నర్సుతో అనే ప్రతి మాటా తెలుస్తూనే ఉంటాయి. ‘చిన్నదేనండీ, భయపడకండి’ అన్నంతలో ఆ భయం పోదు. పైగా భయపడినందుకు సిగ్గు తోడవుతుంది.

రోగి కంగారు తగ్గించడాన్ని మర్యాదగా కాక, చికిత్సలో భాగంగా చూడాలి. భయంతో గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కొందరు సూదిని చూడగానే కళ్లు తిరిగి పడిపోతారు. అందుకే పడుకోబెట్టి సూది వేయడం మేలు.

చాలామంది జడిసేది కత్తికి కాదు, మొదటి సూదికి. ఆ చోటును మొద్దుబార్చే మందు లిడోకెయిన్‌కు, అందులోనూ రక్తస్రావం తగ్గించే అడ్రినలిన్ కలిపినదానికి, ఆమ్లగుణం ఉంటుంది. ఎక్కించేటప్పుడు మండేది అందుకే. తగిన పాళ్లలో సోడియం బైకార్బొనేట్ కలిపి, మందును ఒంటివేడికి తెచ్చి, సన్నని సూదితో నెమ్మదిగా ఎక్కిస్తే ఆ మంట తగ్గుతుంది. పక్క చర్మాన్ని గిల్లినట్టు పట్టుకున్నా, వేలితో తడుతూ ఉన్నా నొప్పి అంతగా తెలియదు. స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు తలుపు వేసినట్టు అడ్డుపడతాయని పరిశోధకులు మెల్జాక్, వాల్ 1965లో ప్రతిపాదించిన ‘గేట్’ సిద్ధాంతం దీనికి కారణం చెబుతుంది. ఇన్ని తెలిసినా ఒక్క గుచ్చుతో మందంతా దించేసే తొందర పోలేదు. కొరత విద్యది కాదు, ఓపికది.

మత్తు నొప్పిని ఆపుతుంది గానీ లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే మత్తు పనిచేయలేదేమోనని రోగి బెంబేలెత్తుతాడు. అడ్రినలిన్ వల్ల కాసేపు గుండె దడగా అనిపించవచ్చన్నదీ ముందే చెప్పాలి. ‘నొప్పి పుడితే చెప్పండి, వెంటనే ఆపి ఇంకాస్త మందు ఇస్తాను’ అన్న హామీ రోగి చేతికి పగ్గం ఇస్తుంది. వివరాలన్నీ వినాలనుకునేవారు ఉన్నారు, ఏమీ చెప్పొద్దనేవారూ ఉన్నారు. అడిగి తెలుసుకోవాలి. పాట కావాలా, పక్కన మనిషి కావాలా అన్నదీ అంతే. మరీ తట్టుకోలేనివారికి కంగారు తగ్గించి మగత తెచ్చే మిడజోలామ్ వంటి మందులున్నాయి. అయితే ఊపిరిని గమనిస్తూ ఉండాలి, ఇంటికి తీసుకెళ్లే తోడు ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు.

ముక్క పరీక్షకు వెళ్లినప్పుడు అసలు భయం కోతది కాదు, క్యాన్సర్‌ది. ఫలితం ఎప్పుడొస్తుందో, ఎవరు చెబుతారో రోగి బల్ల దిగేలోపే చెప్పాలి. ‘మేమే ఫోన్ చేస్తాం’ అని పంపేసే అలవాటును ఆసుపత్రులు మానుకోవాలి.