ముందు సీట్లు లెక్కపెట్టండి, టైర్ల సంగతి తర్వాత

పాత మిలిటరీ లారీ ఒకటి కొని, ఓడెక్కించి తెప్పించుకుని, వెనక ఇల్లులాంటి బాడీ కట్టించి, పిల్లాపాపలతో దేశాలు తిరగాలన్న కోరిక ఈమధ్య చాలామందికి పట్టుకుంది. మంచి కోరికే. నాకూ ఉంది. నా గొడవంతా ఆ లారీని ఎంచుకునే తీరు మీద. మనిషి ఛాతీ దాకా వచ్చే టైర్లు, ఆకుపచ్చ రంగు, వాగులో నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్న ఫోటో ఒకటి కనబడితే చాలు, మనసు పారేసుకుంటారు. డిఫరెన్షియల్ లాక్‌లు ఎన్ని, ఎంత లోతు నీళ్ళలో దిగుతుంది అని గంటల తరబడి మాట్లాడతారు. పిల్లలు ఎక్కడ కూర్చుంటారని అడిగితే మాత్రం "అది తర్వాత చూసుకోవచ్చులే" అంటారు.

తర్వాత చూసుకునే సంగతి కాదండీ అది. అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది అదే. ఏ లారీ కొనాలో సగం దానితోనే తేలిపోతుంది.

మాకు బాగా తెలిసినాయన ఒకరు జర్మన్ సైన్యం వాడి అమ్మేసిన యూనిమాగ్ 1300ఎల్ లారీ ఫోటోలు అందరికీ చూపించుకుంటూ తిరిగారు. ఓ రోజు వాళ్ళావిడ ఆ ఫోన్ అందుకుని, క్యాబిన్ లోపలి ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసి, "ఇందులో మనిద్దరం సరే, పిల్లలో?" అన్నారు. ఆయన వెనక బాడీ వైపు చూపించారు. "వాళ్ళేమన్నా సామానా?" అన్నారావిడ. బేరం అక్కడితో ఆగిపోయింది. ఆవిడకి ఆ బండి గేర్ల గురించి, పోర్టల్ యాక్సిల్స్ గురించి ఏమీ తెలియదు. కానీ అడగాల్సిన మొదటి ప్రశ్న అడిగింది ఆవిడే.

సైన్యం లారీల్లో ఎక్కువ వాటి క్యాబిన్ ఇద్దరికి, సర్దుకుంటే ముగ్గురికి. మిగతావాళ్ళు వెనక చెక్క బల్లల మీద. సైనికుల లెక్క వేరు. పిల్లల లెక్క వేరు. బెల్టు లేని పెట్టెలో, కిచెన్ అలమారాల మధ్య, డ్రైవర్‌కి కనబడకుండా వినబడకుండా కూర్చున్న పిల్లాడికి సడన్ బ్రేక్ పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. యూరప్‌లో 150 సెంటీమీటర్ల ఎత్తు లోపు పిల్లలకి (కొన్ని దేశాల్లో 135) చైల్డ్ సీటో బూస్టరో తప్పనిసరి. దాన్ని బిగించడానికి సరైన సీటు ఉండాలి, బెల్టు ఉండాలి, ఆ బెల్టుకి నేలలో గట్టి ఆధారం ఉండాలి. 1980ల నాటి లారీలో చాలాసార్లు నడుముకి కట్టే బెల్టు మాత్రమే ఉంటుంది. కొన్నిటిలో అదీ ఉండదు. "నేనే ఓ ఇనప ముక్క వెల్డింగ్ చేసి బెల్టు పెట్టేస్తా" అనేవాళ్ళని చూస్తే నాకు భయం. ఢీకొన్నప్పుడు ఆ వెల్డింగ్ మీద పడే లాగుడు టన్నుల్లో ఉంటుంది. ఇంజనీరు లెక్క వేసి, తనిఖీ చేసి సంతకం పెట్టాల్సిన పని అది.

అందుకే కుటుంబం ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఆకుపచ్చ లారీ మోజు వదిలేసి ఎర్ర బండి చూడండి. పాత ఫైరింజన్.

జర్మనీలో ఎల్ఎఫ్ రకం ఫైరింజన్లు తొమ్మిది మంది బృందాన్ని మోసుకెళ్ళడానికి తయారైనవి. డ్రైవర్ వెనక ఇంకో వరస, దానికి వేరే తలుపులు, అటూ ఇటూ కిటికీలు. ఆరుగురికి సరిపోయే క్యాబిన్లూ ఉన్నాయి. మెర్సిడెస్ వాళ్ళ గుండ్రటి ముక్కు 911లు, గాలితోనే చల్లబడే ఇంజన్లున్న మాగిరస్-డాయిట్జ్‌లు, వీటి మీద ఇలాంటి క్యాబిన్లు బోలెడు కట్టారు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవీ దొరుకుతాయి. అంటే మీకు కావలసిన బండిని ఎవరో ముందే ఆలోచించి తయారు చేసి, షెడ్డులో వానా ఎండా తగలకుండా పెట్టి, కడిగి తుడిచి, ఇరవై ముప్ఫై ఏళ్ళలో ముప్ఫై వేల కిలోమీటర్లు కూడా తిప్పకుండా అమ్మకానికి పెడుతున్నారు. ఇంకేం కావాలి?

సమస్యలు లేవని కాదు. రెండో వరస సీట్ల వల్ల వెనక బాడీకి దాదాపు మీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పొడవు పోతుంది. షవర్‌కి వేరే గది రాదు, మంచం అడ్డంగా వేసుకోవాలి. పోనివ్వండి. పగలంతా పిల్లలు గడిపేది ఆ వెనక సీట్లోనే, బొమ్మలు గీసుకునేదీ కొట్టుకునేదీ నిద్రపోయేదీ అక్కడే. మంచాన్ని కుదించుకోవచ్చు, సీటుని కుదించుకోలేం.

ఫైరింజన్ చూడ్డానికి వెళ్తే కొన్ని సంగతులు మోకాళ్ళ మీద వంగి చూడాలి. మొదట టైర్లు. నేను చూసిన ఒకదానికి టైర్లు కొత్తవాటిలా నల్లగా మెరుస్తున్నాయి. గాడుల మధ్య ఫ్యాక్టరీలో వచ్చే సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా కొన్ని అలాగే ఉన్నాయి. అమ్మేవాడు వాటినే చూపించి ధర పెంచుతున్నాడు. పక్క గోడ మీద వేలితో రుద్దుకుంటూ పోతే చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలు తగిలాయి: 2303. అంటే 2003వ సంవత్సరం 23వ వారంలో చేసిన టైరు. (2000కి ముందువైతే మూడంకెలే ఉంటాయి.) కాస్త నొక్కి చూస్తే రిమ్ము దగ్గర గీతల్లా పగుళ్ళు. తిరక్కపోయినా రబ్బరు ముసలిదైపోతుంది. బ్రేకుల గాలి పైపులు, డయాఫ్రమ్‌లు, రేడియేటర్ హోసులు, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. తక్కువ తిరిగిన బండి అని సంబరపడి, తిరగకపోవడం వల్ల వచ్చే ఖర్చు మర్చిపోకండి. ఆరు టైర్లు మార్చాలంటే ఒక్కోసారి బండి ధరలో సగం అవుతుంది. పాత రిమ్ములు రింగుతో విడివిడి ముక్కలుగా ఉండేవైతే గాలి పట్టడం తెలిసినవాడి చేతే, పంజరంలో పెట్టి చేయించాలి. ఆ రింగు ఊడి ఎగిరిందంటే ప్రాణాలే పోతాయి.

తర్వాత నీళ్ళ ట్యాంకు, పంపు ఉన్న చోటు. ఏళ్ళ తరబడి చుక్క చుక్క కారిన నీళ్ళు కింద చాసిస్ అడ్డబద్దెల మీదే పడుంటాయి. అక్కడ పెయింటు ఉబ్బి ఉంటే స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. అమ్మేవాడు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి.

ఇక దిగుమతి. జనం అందరూ ఇక్కడే టెన్షన్ పడతారు. నిజానికి ఇది బండి చూడ్డం కంటే తేలిక, కాగితాలు సరిగా ఉంటే. అమెరికాకి తెచ్చుకోవాలంటే బండికి 25 ఏళ్ళు నిండి ఉండాలి. అప్పుడే అక్కడి భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు. పొగ విషయంలో ఈపీఏ (అక్కడి పర్యావరణ సంస్థ) లెక్క వేరు: 21 ఏళ్ళు దాటి, ఇంజన్ మొదట వచ్చినట్టే ఉండాలి. కాబట్టి అమ్మేవాడు "పాత ఇంజన్ తీసేసి డబుల్ పవర్‌ది పెట్టించాను సార్" అని గొప్పలు చెబుతుంటే మురిసిపోకండి, అదే మీ మినహాయింపుని పోగొట్టొచ్చు. కెనడాలో 15 ఏళ్ళు చాలు. ఇండియా అయితే అసలు కుదిరే పని కాదు, మూడేళ్ళు దాటిన వాడేసిన బండ్ల దిగుమతికి మామూలుగా నిబంధనలు ఒప్పుకోవు. ఆస్ట్రేలియాలో వయసుకంటే ఆస్‌బెస్టాస్ పెద్ద తలనొప్పి. 2003 డిసెంబర్ 31 నుంచి అక్కడ దాని మీద పూర్తి నిషేధం. పాత లారీ బ్రేక్ లైనింగుల్లో, గ్యాస్కెట్లలో అది ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, లేదని పరీక్షలతో చూపించకపోతే పోర్టులోనే ఆపేస్తారు.

25 ఏళ్ళు లెక్కపెట్టేది తయారైన తేదీ నుంచి. కాగితాల్లో ఉండేది చాలావరకు మొదటి రిజిస్ట్రేషన్ తేదీ. ఈ రెంటికీ మధ్య నెలల తేడా ఉండొచ్చు. ఫైరింజన్లలో మరీను, చాసిస్ ఒకరు చేసి బాడీ ఇంకొకరు కడతారు. వయసు అంచు మీద ఉన్న బండి కొనేటప్పుడు తయారీ తేదీకి రాతపూర్వకమైన ఆధారం చేతికి వచ్చాకే డబ్బు కట్టండి. "అందరూ ఇలాగే తీసుకెళ్తున్నారు" అన్న మాటకి కస్టమ్స్ దగ్గర విలువ లేదు.

అమెరికా సుంకంలో ఇంకో తిరకాసు. 1960ల్లో యూరప్ వాళ్ళు అమెరికా కోళ్ళ మీద సుంకం పెంచారని కోపమొచ్చి, 1964లో అమెరికా దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ళ గొడవ ఎప్పుడో చల్లారింది, సుంకం మాత్రం ఇప్పటికీ ఉంది. మీ బండి సరుకు లారీగా లెక్కలోకి వస్తుందా, ఫైరింజన్‌గా వస్తుందా, నివాస వాహనంగా వస్తుందా అన్నదాన్ని బట్టి కట్టాల్సింది మారిపోతుంది. దాని మీద కొత్త సుంకాలు కూడా తరచూ మారుతున్నాయి. ఓడ బుక్ చేయకముందే కస్టమ్స్ బ్రోకర్‌ని అడిగి ఏ వర్గంలోకి వస్తుందో తేల్చుకోండి, ఓడ దిగాక కాదు.

కంటైనర్లో పెట్టి పంపిస్తానని ఎవరైనా అంటే వాళ్ళకి లారీ సంగతి తెలియదనుకోండి. మామూలు కంటైనర్ లోపలి వెడల్పు 2.35 మీటర్లు, లారీ వెడల్పు 2.5. కాబట్టి బండిని నడిపి ఎక్కించే రోరో ఓడే దిక్కు. అక్కడ అద్దె ఘనపు మీటర్లలో. 6.8 మీటర్ల పొడవు, 2.5 వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న బండి 51 ఘనపు మీటర్లు. అదే బండికి ముందే బాడీ కట్టించి ఎత్తు 3.6 చేస్తే 61 దాటుతుంది. ఆ పది ఘనపు మీటర్లకి మీరు కట్టేది ఖాళీ గాలికి. వీలైతే బండి దిగాకే బాడీ కట్టించుకోండి. పైగా చాలా షిప్పింగ్ కంపెనీలు లోపల సామాను పెట్టనివ్వవు, కాబట్టి పరుపులూ గిన్నెలూ ముందే సర్దేద్దామన్న ఆశ వదులుకోండి. ఎక్కించే ముందు బండి అడుగు భాగాన్ని ప్రెషర్‌తో కడిగించడం మర్చిపోవద్దు. చక్రాల కింద మట్టి అంటుకుని ఉంటే అమెరికా వ్యవసాయ శాఖ ఒప్పుకోదు, వెనక్కి పంపించినా పంపిస్తుంది.

బాడీ కట్టించే విషయంలో ఎక్కువ చెప్పను, ఒక్కటి తప్ప. లారీ చాసిస్ మెలి తిరగడానికే తయారైంది. గుంతలో ఒక చక్రం దిగితే ఫ్రేము వంకర అవుతుంది, అవ్వాలి కూడా. దాని మీద బాడీని నాలుగు మూలలా బోల్టులతో బిగించేస్తే ఆ మెలికంతా గోడల మీద పడి, కిటికీ మూలల్లో పగుళ్ళు వస్తాయి. మూడు చోట్ల ఆనించి, ఒక చోట కీలులాగా తిరిగేలా పెట్టే పద్ధతి యూనిమాగ్‌కి ఎప్పటినుంచో ఉంది. క్యాబిన్ నుంచి వెనక్కి పాకుతూ వెళ్ళే దారి పెట్టాలనుకుంటే మధ్యలో సాగే రబ్బరు తొడుగు ఉండాలి, రెండూ వేర్వేరుగా ఊగుతాయి కదా.

బరువు లెక్క కూడా ముందే వేయండి. యూరప్‌లో సీ1 లైసెన్స్ 7.5 టన్నుల దాకానే. జర్మనీలో 1999కి ముందు, ఇంగ్లండ్‌లో 1997కి ముందు కారు లైసెన్స్ తీసుకున్నవాళ్ళకి అది దానంతటదే వచ్చింది, తర్వాతి వాళ్ళు పరీక్ష రాయాలి. చిన్న ఎల్ఎఫ్ 8 లాంటివి ఆ తరగతిలోనే ఉంటాయి. కానీ వాటి మీద బాడీ, 300 లీటర్ల నీళ్ళు, బ్యాటరీలు, నలుగురు మనుషులు, సైకిళ్ళు ఎక్కాక కాగితం మీద 7.49 అని రాయించుకున్న బండి తూకంలో అంతకు మించి తేలుతుంది. పెద్ద లైసెన్స్ తీసుకోవడానికి ఓపిక లేకపోతే బాడీ చిన్నది చేసుకోవాల్సిందే, మూడో దారి లేదు.

వేగం గురించి అబద్ధాలు చెప్పుకోవద్దు. మెర్సిడెస్ వాళ్ళ 5.7 లీటర్ల ఓఎం352 ఇంజన్ 130 హార్స్‌పవర్‌తో ఏడు టన్నులు లాగుతుంటే 80 కిలోమీటర్ల దగ్గర సుఖంగా ఉంటుంది, ఎత్తు రోడ్డులో ఇంకా దిగుతుంది. వంద కిలోమీటర్లకి ఇరవై లీటర్ల పైనే తాగుతుంది. చప్పుడు సంగతి ఎవరూ ఫోటోల్లో చూపించరు. ఇన్సులేషన్ వేయకముందు క్యాబిన్లో పక్క మనిషితో అరిచి మాట్లాడాలి.

కాబట్టి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక పని చేయండి. ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళి ఆ సీట్లలో ఎవరి చోట వాళ్ళని కూర్చోబెట్టి, చైల్డ్ సీటు పట్టుకెళ్ళి పెట్టి చూసి, హైవే మీద గంట నడపండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే వేరే బండి చూసుకోండి, పాత ఫైరింజన్లు వేలాలకి వస్తూనే ఉంటాయి. గంట తర్వాత పిల్లలు ఇంకా ఎంతసేపని అడుగుతుంటే అది మామూలే. దిగిపోతామని ఏడుస్తుంటే మాత్రం, ధర ఎంత తగ్గించినా ఆ బండి మీది కాదు.