ఇంటర్‌ఫెరాన్ గారికి: తమరు కాస్త వేళకు దయచేయండి

అయ్యా ఇంటర్‌ఫెరాన్ గారూ,

వైరస్ సోకిన కణం పక్క కణాలను హెచ్చరించడానికి వదిలే ప్రోటీన్ తమరు. 1957లో లండన్‌లో శాస్త్రవేత్తలు ఐజాక్స్, లిండెన్‌మన్ తమరికి ఈ పేరు పెట్టింది వైరస్ పనికి అడ్డుతగులుతారని (ఇంగ్లిషులో ‘ఇంటర్‌ఫియర్’). అడ్డుతగలడంలో తమరికి సాటి లేరు, ఒప్పుకున్నాం. ఎవరికి, ఎప్పుడు అన్నదే తమరికి పట్టదు.

తమరి పనితనాన్ని తీసిపారేయలేం. శ్వాసనాళం లోపలి పొరలో ఒక కణంలోకి ఫ్లూ వైరస్ దూరి ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తీస్తుంటే, ఆ పోగు కొసన మూడు ఫాస్ఫేట్లు బయటికి కనిపిస్తాయి. మన ఎంఆర్‌ఎన్‌ఏకైతే అక్కడ టోపీ ఉంటుంది. బోడితల చూడగానే కణంలో కాపలా కాసే రిగ్-ఐ అనే ప్రోటీన్ పట్టేస్తుంది. మైటోకాండ్రియా మీదున్న మావ్స్‌కు కబురు, అక్కణ్నుంచి చేతులు మారుతూ టీబీకే1, ఐఆర్‌ఎఫ్3 అనే ప్రోటీన్లకు, చివరికి కేంద్రకంలో తమరి జీనుకు. తమరు బయటికొచ్చి పక్క కణం తలుపు తడతారు. ఆ తలుపు (తమరి రిసెప్టర్) వెనక జాక్1, టైక్2 అనే ఎంజైములు కాచుకుని ఉండి, కబురు మోసే ప్రోటీన్లు స్టాట్1, స్టాట్2లకు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. ఆ రెండూ ఐఆర్‌ఎఫ్9ను వెంటేసుకుని కేంద్రకంలోకి పరుగు. వైరస్‌ను ఎదిరించే వందల జీన్లు లేచి కూర్చుంటాయి.

ఆ జీన్ల సరుకులో ఐఫిట్‌ఎం3 అనే ప్రోటీన్ వైరస్ పొరను కణం పొరతో కలవనివ్వదు. ఇది మర్యాదస్తుల పని. ఆర్‌నేజ్-ఎల్ అలా కాదు, సొంతదా పరాయిదా అని చూడకుండా ఆర్‌ఎన్‌ఏను తరిగేస్తుంది. పీకేఆర్ ఏకంగా ప్రోటీన్ల తయారీని మొదలుపెట్టే ఈఐఎఫ్2-ఆల్ఫాకు ఫాస్ఫేట్ అంటించి ఆ తయారీకే తాళం వేస్తుంది. వంటింట్లో దొంగ పడ్డాడని ఇంటిల్లిపాదికీ పస్తు! మొదటి రోజైతే ఆ పస్తూ భరిస్తాం.

మొదటి రోజు తమరు వస్తే కదా. ఫ్లూ వారి ప్రోటీన్ ఎన్‌ఎస్1 రిగ్-ఐ నోరు నొక్కేస్తుంది. ఆర్‌ఎస్‌వీ అనే మరో శ్వాసకోశ వైరస్ స్టాట్2ను చెత్తలో కలుపుతుంది. కోవిడ్ వైరస్ ప్రోటీన్ ఎన్‌ఎస్‌పీ1, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లోకి ఎంఆర్‌ఎన్‌ఏ దూరే సందులో బిరడాలా బిగుసుకుంటుంది. దాని ఓఆర్‌ఎఫ్6 కేంద్రకం గుమ్మంలోనే స్టాట్‌లను నిలబెట్టేస్తుంది. వాటిననేం లాభం, వాటి బతుకుతెరువు అది.

తీరా వైరస్ పతాకస్థాయి దాటాక తమరు సపరివారంగా దిగుతారు. సార్స్ వైరస్ ఎక్కించిన ఎలుకల్లో జరిగిందిదే: తమరి పిలుపుతో మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలు ఊపిరితిత్తుల్లోకి ఎగబడి వాపు రేపాయి. తమరి రిసెప్టరే లేని ఎలుకలు బతికి బట్టకట్టాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది తమరిని చూశాక పుట్టిన మాటేనేమో.

తమరి తమ్ముడు లాంబ్డా కాస్త నెమ్మదస్తుడు. ఆయన రిసెప్టర్ ఎక్కువగా పైపొర కణాల్లోనే ఉంటుంది కాబట్టి గొడవ ఒళ్లంతా పాకదు. అయితే ఫ్లూ సోకిన ఎలుకల్లో ఆయనా ఎక్కువ రోజులు తిష్ఠవేస్తే, కణాలు విభజన కాకుండా ఆపే పీ53ని రేపి, దెబ్బతిన్న పొర మళ్లీ అల్లుకోకుండా చేశారు. గోడ పూడక ముందే బ్యాక్టీరియా లోపలికి నడిచొచ్చింది.

కొందరి ఒంట్లో తమరిని గుమ్మంలోనే మెడపట్టి గెంటే ఆటోయాంటీబాడీలు (సొంత ప్రోటీన్ల మీదే తిరగబడే యాంటీబాడీలు) ఉన్నాయి. 2020లో లెక్క తేలింది: ప్రాణం మీదికొచ్చిన 987 మంది కోవిడ్ రోగుల్లో కనీసం 101 మందిలో అవి ఉన్నాయి, తేలిగ్గా బయటపడ్డ 663 మందిలో ఒక్కరిలోనూ లేవు. తమరు లేకపోతే ఏమవుతుందో మాకూ తెలుసండీ, అందుకే ఇంత మర్యాదగా రాస్తున్నది.

సూదితో పిలిపించినా అదే తంతు. కోవిడ్ రోగులకు ఆస్పత్రిలో చేరాక తమరి కుటుంబంలోని బీటా రకాన్ని ఇచ్చి చూసిన, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి సాలిడారిటీ ట్రయల్‌లో మరణాలు తగ్గలేదు. లక్షణాలు మొదలైన 7 రోజుల్లోపు 180 మైక్రోగ్రాముల పెగ్-లాంబ్డా (ఒంట్లో ఎక్కువసేపు నిలిచేలా మలిచిన లాంబ్డా) ఒక్క డోసు ఇచ్చిన ట్రయల్‌లో మాత్రం, ఆస్పత్రి పాలవడం, అత్యవసర విభాగంలో 6 గంటలు దాటి ఉండటం కలిపి 5.6 శాతం నుంచి 2.7 శాతానికి దిగాయి.

ఇట్లు,
తమరి రాకకు వాచిపోయిన ఊపిరితిత్తి

తా.క. ఆక్సిజన్ పెట్టాల్సివచ్చిన కోవిడ్ రోగులను ఆదుకున్న మాత్రల్లో బారిసిటినిబ్ ఒకటి. అది చేసే పని, తమరు తట్టే తలుపు వెనకున్న జాక్1ను, దాని చుట్టం జాక్2ను నిద్రపుచ్చడం.