మహారాజశ్రీ ధనుష్కోటి రైలు లైను గారికి

మహారాజశ్రీ రామేశ్వరం–ధనుష్కోటి రైలు లైను గారి దివ్యసముఖానికి, మొన్న మిట్టమధ్యాహ్నం మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, మీరు కనపడక తిరిగివెళ్లిన ఒక యాత్రికుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. కుశలం ఉన్నవాళ్లను అడుగుతారు గానీ లేనివాళ్లను అడగరు కదా.

విషయం ఏమనగా, మా ప్యాకేజీ టూరు కరపత్రంలో "పాంబన్ వంతెనపై రైలు ప్రయాణం, ధనుష్కోటి రైల్వే స్టేషన్ సందర్శన" అని ఎర్ర అక్షరాల్లో వేశారు. రామేశ్వరం దీవిని అవతలి ఒడ్డుతో కలిపే సముద్రపు వంతెన అది. మా పెద్దమ్మ డబ్బు కట్టిందే ఆ ఎర్ర అక్షరాలు చూసి. తీరా మదురై దాటాక టూరు అబ్బాయి మైకు అందుకుని, "అమ్మగారూ, ట్రైను టైమింగు కుదర్లేదండి. అయినా బస్సులోంచే వంతెన ఇంకా బాగా కనిపిస్తుందండి" అన్నాడు. నిజమే, బాగానే కనిపించింది. పెళ్లి పందిట్లో బంతి భోజనాలు కూడా ఎదురింటి కిటికీలోంచి బాగానే కనిపిస్తాయి. పైగా రోడ్డు వంతెన మీద సెల్ఫీల కోసం బళ్లాపుకున్న జనంతో ట్రాఫిక్ జామ్ అయ్యింది కాబట్టి, తనివితీరా కనిపించింది.

ఆ అబ్బాయిని ఏమీ అనను. అతను చూపించిన అరచేతి వైకుంఠం ఒక్క పూటలో తేలిపోయింది. మీది అరవై ఏళ్లు దాటినా తేలడం లేదు.

ధనుష్కోటిలో "స్టేషన్ వచ్చింది, దిగండి, పది నిమిషాలే" అన్నాడు. దిగాం. కప్పు లేని గోడలు, వాటిలో తలుపుల్లేని గుమ్మాలు, లోపలంతా ఇసుక. గోడ నీడలో ఒకావిడ శంఖాలు, గవ్వల దండలు, చుట్టూ గవ్వలంటించిన అద్దాలు పరుచుకుని కూర్చుంది. ఆ పక్కనే కారం దట్టించిన చేపలు పెనం మీద వేగుతున్నాయి. పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అటూ ఇటూ నాలుగడుగులు వేసి, "ఒరే నాన్నా, స్టేషనంటున్నారు, మరి పట్టాలేవిరా?" అంది.

నేను మిమ్మల్ని అడగదలుచుకున్నదీ అదే. పట్టాలేవండీ?

మీరు సామాన్యులు కారని మాకు తెలుసు. 1914 ఫిబ్రవరి 24న పాంబన్ వంతెన తెరిచిననాడు మీ హోదా వేరు. పాంబన్ దాటాక అసలు దారి మీది, రామేశ్వరం వెళ్లేది కొమ్మ దారి. సాక్షాత్తూ రామలింగేశ్వరుడికి బ్రాంచి లైను, మీకు మెయిన్ లైను! మద్రాసు ఎగ్మోరులో బోట్ మెయిల్ ఎక్కినవాడు మీ మీదుగా రేవుకు చేరి, స్టీమరులో సుమారు 35 కిలోమీటర్ల సముద్రం దాటి, శ్రీలంక ఒడ్డున తలైమన్నార్‌లో మళ్లీ రైలెక్కి కొలంబోలో దిగేవాడు. అన్నిటికీ కలిపి ఒకటే టికెట్టు. ఇప్పుడు రైల్లో మదురై నుంచి రామేశ్వరం వచ్చినవాడు ధనుష్కోటి పోవాలంటే ఆటోవాడి గడ్డం పట్టుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రామేశ్వరంలో బండి ఆపడం మానేస్తే, పేపరు కట్టల్ని ధనుష్కోటి దారిలో కదిలే రైల్లోంచే విసిరేవారు. వాటిని పట్టుకునే పనికి కుదిరిన కుర్రాడు తర్వాత రాష్ట్రపతి అయ్యాడు. కలాం గారి తొలి సంపాదన మీ చలవే. అదీ మీ వైభవం.

1964 డిసెంబరు 22 రాత్రి దగ్గర నా వెటకారం పనిచెయ్యదు. అర్ధరాత్రికి కాస్త ముందు పాంబన్‌లో బయల్దేరిన 653 నంబరు ప్యాసింజరు, ఇంకాసేపట్లో ధనుష్కోటి అనగా, తుపాను అల కిందికి వెళ్లిపోయింది. అందులో నూరుమందికి పైగా ఉన్నారు. ఎవరూ తిరిగి రాలేదు. ఊరూ పోయింది. మనుషులు ఉండటానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది.

అదే తుపానుకు పాంబన్ వంతెన గర్డర్లు కూడా 145కి 126 కొట్టుకుపోయాయి. కానీ ఆ వంతెనకు పలుకుబడి ఉంది. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్న శ్రీధరన్ అనే యువ ఇంజనీరును పంపితే 46 రోజుల్లో నిలబెట్టాడు. (కాకినాడ అన్నచోట మా ఛాతీ కొంచెం ఉబ్బింది, మన్నించాలి.) పూర్వం ఇదే తీరంలో వానరులు నూరు యోజనాల సేతువును ఐదు రోజుల్లో కట్టారని వాల్మీకి రాశాడు. మొదటి రోజు 14 యోజనాలు, రెండో రోజు 20, అలా రోజువారీ లెక్కతో సహా. మరి మీరో? 17 కిలోమీటర్ల చిల్లర. వాటికి ఆరు దశాబ్దాలు.

మీ తర్వాత దీవిలో ఏం జరిగిందో మీకు ఎవరూ చెప్పి ఉండరు. 1988లో రోడ్డు వంతెన వచ్చేదాకా పెళ్లివారైనా బియ్యం బస్తా అయినా రైలెక్కాలి, లేదా పడవెక్కాలి. 2007లో రైలు దారి బ్రాడ్‌గేజ్ అయ్యింది. 2022 డిసెంబరు 23న పాత రైలు వంతెన మీద రైళ్లు ఆపేశారు. అదీ డిసెంబరే, తేదీ కూడా ఇంచుమించు అదే. కాశీ నుంచి గంగ మోసుకొచ్చినవాళ్లు కూడా అవతలి ఒడ్డునే దిగి బస్సు పట్టుకున్నారు. 2025 శ్రీరామనవమికి కొత్త వంతెన తెరిచారు. 72.5 మీటర్ల ముక్క ఓడ రాగానే నిలువునా పైకి లేస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. పాతదాన్ని మనుషులు చేత్తో తిప్పి తెరిచేవారు. దానికీ ఒక అందముండేది.

అసలు మంట ఎక్కడంటే, 2019 మార్చి 1న కన్యాకుమారిలో ఆ కొత్త వంతెనకూ మీకూ ఒకేరోజు శంకుస్థాపన చేశారు. మీ అంచనా 208 కోట్లు. వంతెన ఖర్చు అయిదు వందల కోట్లు దాటింది, అయినా కట్టారు. మీ దగ్గరికొచ్చేసరికి ఆ ఇసుకలో గుడ్లు పెట్టే తాబేళ్లు గుర్తొచ్చాయి, మన్నార్ సింధుశాఖ గుర్తొచ్చింది, ఇసుక కదులుతుందని గుర్తొచ్చింది. న్యాయమైన మాటలే. ఆ సన్నటి నేల నాలుక మీద, రెండు పక్కలా సముద్రం పెట్టుకుని రైలు నడపడం మంచిది కాదంటే నేను ఒప్పుకుంటాను. 1964 చూశాక ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ ఆ తాబేళ్లు శంకుస్థాపన నాటికి గుడ్లు పెట్టడం మొదలెట్టలేదా? అంతకు రెండేళ్ల ముందే, 2017లో, అదే ఇసుక మీద, నేల కొసన ఉన్న అరిచల్‌మునై దాకా నల్లటి రోడ్డు వేశారే! వరసగా కార్లు, వ్యాన్లు, మా ఏసీ బస్సు. కారు తొక్కితే తాబేలుకు నొప్పి ఉండదా, రైలు తొక్కితేనే ఉంటుందా?

నువ్వు రావనే చెప్పు. ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పండి. మా పెద్దమ్మకు చెప్పకపోయినా పోయేదేం లేదు, ఆమె సీసాలో సేతువు ఇసుక నింపుకుని బస్సెక్కింది. ఈ గోడల పక్కన ఇప్పటికీ గుడిసెలేసుకుని వలలు బాగుచేసుకునేవాళ్లున్నారు. ఉండటానికి పనికిరాదన్న చోట ఉన్నారు కాబట్టి వాళ్లు లెక్కలో లేరు. రైలొస్తే గుడిసె ఖాళీ చెయ్యాలో, చేపల తట్ట రైల్లో వెళ్తుందో, అదన్నా వాళ్లకు తెలియాలిగా! రైలొస్తుందంటారు, వచ్చేది మేమే, ఫోటోలు తీసుకోవడానికి. రోజుకు ఇన్ని బస్సులు. సచ్చిపోయినవాళ్ల స్టేషను ముందు పది నిమిషాలు ఆగి, చేప ముక్క తిని, గవ్వల అద్దం బేరమాడి, నూట ఇరవైకి తగ్గించుకుని పోతాం. ఛీ.

క్షమించండి. మహారాజశ్రీ వారు మళ్లీ మన్నించాలి.

మీకు రావాలని ఉంటే రండి. లేదంటే ఫైలు మూసేసి, ఆ సంగతి గవ్వలమ్మే ఆవిడకు అర్థమయ్యే తమిళంలో ఒక బోర్డు మీద రాయించి, స్టేషను గోడకు తగిలించండి. నాకు జవాబు పంపదలిస్తే మాత్రం అక్కడి నుంచి పోస్టు చెయ్యకండి. ధనుష్కోటి పోస్టాఫీసుకూ కప్పు లేదు.

ఇట్లు,
రానూపోనూ రోడ్డు మీదే వెళ్లివచ్చిన
ఒక యాత్రికుడు