ఒట్టిపోయిన బావుల గోదానం

చమురు కంపెనీలకు లాభం తప్ప మరొకటి పట్టదని ఆడిపోసుకునేవాళ్లు ఒకసారి మెక్సికో సింధుశాఖ అడుగుకు దిగి చూడాలి. అక్కడ సముద్రంలో చమురు తోడేందుకు కట్టిన 500కు పైగా వేదికల ఇనుము చేపలకు నివాసమై నిలిచింది. దాతలు దాని మీద తమ పేరైనా చెక్కించుకోలేదు. పేరుంటే పూచీ కూడా అంటుకుంటుందన్న జంకు అయి ఉండదు, వినయమే అయి ఉంటుంది.

ఈ దానం పుట్టిన తీరు చూడండి. బావి ఒట్టిపోయాక కంపెనీ దాన్ని సిమెంటుతో మూసి, పైనున్న యంత్రాలను ఒడ్డుకు చేర్చి, వేదిక కాళ్లను సముద్రపు నేలకు 15 అడుగుల కింద తెంపి పట్టుకుపోవాలి. ఖర్చు లక్షల నుంచి కోట్ల డాలర్లు. ఈ ఇబ్బందికి విరుగుడు 1984 నాటి అమెరికా చట్టంతో దొరికింది. 1986లో లూసియానా రాష్ట్రం తలుపులు తెరిచింది. ఇనుమును ఉన్నచోటే పడగొట్టవచ్చు, లేదా నీటిమట్టానికి 85 అడుగుల దిగువన కోసి మిగతాది వదిలేయవచ్చు. అలా ఆదా అయిన సొమ్ములో సగం రాష్ట్రానికి విరాళం. మిగతా సగం ఏమవుతుందని అడగడం సభ్యత కాదు. ఇనుముతోపాటు దాని బాధ్యతా రాష్ట్రానిదే. మూసిన బావి పూచీ మాత్రం కంపెనీ మెడకే ఉంటుంది. ఎంతటి దానంలోనైనా కాస్త లోటు తప్పదు.

చేపలు లేవని ఎవరూ అనలేరు. ఇనుము కనబడకుండా ఆల్చిప్పలు, స్పంజికలు కప్పేసిన ఆ కాళ్ల నీడలో ఎర్ర స్నాపర్ చేపలు గుంపులుగా తిరుగుతాయి. కాళ్లను పేలుడుమందుతో తెంపారంటే ఆ చేపల గాలితిత్తులు పగిలి, వెల్లకిలా తేలుతాయి. కాబట్టి పీకడం పాపం, వదిలేయడం పుణ్యం. ఆ పుణ్యంలోనే రొక్కం కూడా కలిసిరావడం కేవలం కాకతాళీయం.

ఐరోపావాళ్లకు ఈ ధర్మసూక్ష్మం అందలేదు. 1995లో షెల్ కంపెనీ బ్రెంట్ స్పార్ అనే చమురు నిల్వ తొట్టిని అట్లాంటిక్‌లో ముంచబోతే పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వాళ్లు దాని మీదికెక్కి కూర్చున్నారు. చివరకు దాని ముక్కలు నార్వేలో ఒక రేవుకు పునాది అయ్యాయి. తీరా చూస్తే ఆ తొట్టికి చల్లనీటి పగడాలు పట్టి ఉన్నాయి!

ఇక శాస్త్రజ్ఞుల పేచీ ఒకటుంది. చేపలు ఈ ఇనుము వల్ల కొత్తగా పుడుతున్నాయా, ఎక్కడో ఉన్నవి వచ్చి చేరుతున్నాయా? చేరుతున్నవే అయితే అది పెంపకం కాదు, వేటగాళ్ల కోసం ఒకచోట పోగుచేయడం. కాలిఫోర్నియా వేదికల దగ్గర చేపల ఉత్పత్తి చాలా ఎక్కువని 2014లో ఒక అధ్యయనం తేల్చింది. అన్ని సముద్రాలూ కాలిఫోర్నియా కావు మరి.

ఈ విషయంలో నాకూ స్వానుభవం ఉంది. అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ తలుపు ఊడిన బీరువాను అక్కడే వదిలి, ఆదా అయిన బండి కూలిలో సగం ఇంటాయన చేతిలో పెట్టాను. అందులో వర్ధిల్లుతున్న బొద్దింకల సంతతిని కూడా చూపించాను. ఆయనకు శాస్త్రీయ దృష్టి లేదు. కూలి మొత్తం నా అడ్వాన్సులో విరగ్గోసుకున్నాడు.

కొత్త ఇంట్లో మొదటి రాత్రి వంటగదిలో దీపం వేశాను. అవే బొద్దింకలు. బీరువా వాటికి పుట్టిల్లా, మజిలీయా అన్న పేచీ మా ఇంటి మట్టుకు తీరిపోయింది.