తొలి సినిమాకు చప్పట్లు, ఆ తర్వాత?

ఇరవయ్యేళ్ల కుర్రాడు సొంత డబ్బుతో సినిమా మొదలుపెట్టి కేన్స్ చిత్రోత్సవం దాకా తీసుకెళ్లాడంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. 2009లో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం నుంచి వచ్చిన జేవియర్ డోలన్‌ను చూసి సినీలోకం అలాగే మురిసిపోయింది. ఆయన తొలి చిత్రం ‘ఐ కిల్డ్ మై మదర్’ కేన్స్‌లోని డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్ విభాగంలో మూడు బహుమతులు గెలిచింది. ఆ ఏడాది కెనడా దాన్నే తన అధికారిక ఎంట్రీగా ఆస్కార్‌కు పంపింది. అదే డోలన్ 2023లో, ముప్పై నాలుగేళ్ల వయసులో, ఇక సినిమాలు తీయదలచుకోలేదని చెప్పారు. రెండేళ్లు ధారపోసి చేసిన పనిని చూసేవాళ్లే కరవైతే ఇంకా ఓపిక ఎక్కడి నుంచి తేవాలన్నది ఆయన మాటల సారాంశం. తర్వాత మళ్లీ కొత్త కథ రాసుకుంటున్నట్టు చెప్పడం మాకు సంతోషాన్నిచ్చింది. అయినా అంత ప్రతిభ ఉన్న మనిషి నోట ఆ మాట ఎందుకు వచ్చిందన్న ప్రశ్న అలాగే ఉంది.

డోలన్ నాలుగేళ్ల వయసుకే ప్రకటనల్లో కనిపించారు. టీవీలో, సినిమాల్లో నటించారు, ఫ్రెంచి డబ్బింగ్ చెప్పారు. తొలి సినిమా కథ రాసుకున్నప్పటికి ఇంకా టీనేజీ దాటలేదు. బాలనటుడిగా కూడబెట్టుకున్న సొమ్మే ఆ సినిమాకు తొలి పెట్టుబడి. అది చాలకపోతే క్యూబెక్ ప్రభుత్వ సంస్థ సోడెక్ తర్వాత చేయూతనిచ్చింది. నటన జీతంతో సొంత సినిమా తీయడం కొత్తేమీ కాదు. అమెరికాలో జాన్ కసావెటిస్ 1960లలో హాలీవుడ్ సినిమాల్లో నటించి, ఆ పారితోషికాన్ని తన సినిమాల్లో పోసేవారు. ఒక సినిమా కోసం ఇల్లు కూడా తాకట్టు పెట్టారు. స్వతంత్ర సినిమా చరిత్రలో నిర్మాతల పేర్లతో పాటు ఇలాంటి నటుల జీతాల లెక్క కూడా రాసి ఉండాలి.

కాస్త పేరున్న నటులు మెగాఫోన్ పట్టగానే ‘పరిచయాలున్నాయి కాబట్టి అవకాశం వచ్చింది’ అని తేలిగ్గా తీసిపారేసేవాళ్లు ఎక్కువ. మేం ఆ మాట ఒప్పుకోం. సెట్ మీద పెరిగిన పిల్లవాడికి ఏ ఫిల్మ్ స్కూలూ నేర్పలేని సంగతులు తెలుస్తాయి. ఏ దర్శకుడి ముందు నటులు బిగుసుకుపోతారో, ఎవరి ముందు జంకు లేకుండా కొత్తగా ప్రయత్నిస్తారో, రెండు టేకుల మధ్య చెవిలో చెప్పిన ఒక్క మాట సీనును ఎలా మార్చేస్తుందో అనుభవంతో తెలుస్తుంది. 2014లో వచ్చిన ‘మామీ’ చూసినవాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. తెర మధ్యలో చదరపు ఫ్రేమ్ పెట్టి, ఒక్కో మొహాన్ని అందులో నిలబెట్టి, కోపం, ప్రేమ, భయం అన్నీ అక్కడే చూపించారు డోలన్. ఊపిరాడనట్టుండే ఆ ఫ్రేమ్‌ను ఒక చోట కథలోని కుర్రాడు తన చేతులతో పక్కలకు నెట్టి విశాలం చేస్తాడు. కథలో ఆశ చిగురించిన క్షణమది. కాసేపటికి ఫ్రేమ్ మళ్లీ ముడుచుకుపోతుంది. కెమెరా ముందు ఎంత చోటిస్తే నటుడు ఎంత చేయగలడో తెలిసినవాళ్లకే తట్టే ఆలోచన అది. ఆ సినిమా కేన్స్‌లో జ్యూరీ బహుమతిని ఫ్రెంచి సినిమాలో పేరుమోసిన వృద్ధ దర్శకుడు గొదార్ చిత్రంతో పంచుకుంది.

అప్పటికి డోలన్‌కు పాతికేళ్లు. అయిదేళ్లలో అయిదు సినిమాలు. చాలా సినిమాలకు రచన, ఎడిటింగ్, కాస్ట్యూమ్స్ కూడా తనే. అంత వేగాన్ని అందరూ పొగిడారు. ఆ వేగంతో మనిషి ఎంత అరిగిపోతాడన్నది ఎవరూ అడగలేదు. 2016లో కేన్స్‌లో రెండో అతిపెద్ద బహుమతి అయిన గ్రాండ్ ప్రి వచ్చినప్పుడు విలేఖరుల్లో కొందరు బాహాటంగా గేలి చేశారు. 2018లో టొరంటోలో చూపించిన తొలి ఇంగ్లిష్ సినిమాకు తిట్లే ఎక్కువ పడ్డాయి. ఆ తర్వాత తీసిన టీవీ సిరీస్‌లో తన పారితోషికాన్నే పెట్టుబడిగా పెట్టాల్సి వచ్చిందని ఆయనే చెప్పారు. ఇరవయ్యేళ్లప్పుడు చేసిన పనినే ముప్పై దాటాక, ఇన్ని అవార్డులు వచ్చాక కూడా చేయాల్సి వచ్చిందంటే దాన్ని సాహసం అని మెచ్చుకుని ఊరుకోవడం సరికాదు.

ఇక్కడ మరో కెనడా బాలనటి సారా పోలీని గుర్తు చేసుకోవాలి. చిన్నతనంలోనే టీవీ సీరియల్‌తో దేశమంతా తెలిసిన ఆమె, తొలి ఫీచర్ సినిమాను 2006లో, ఇరవై ఏడేళ్లప్పుడు తొలిసారి ప్రదర్శించారు. దాని స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. మూడో సినిమాకూ నాలుగో సినిమాకూ మధ్య పదేళ్లు గడిచాయి. ఆ మధ్యలో తలకు దెబ్బ తగిలి చాలాకాలం బాధపడ్డారు, పిల్లల్ని పెంచారు. 2022లో తీసిన ‘విమెన్ టాకింగ్’కు ఆస్కార్ అందుకున్నారు. ఆ సినిమా సెట్లో రోజుకు పది గంటలే పని. యూనిట్‌లో పిల్లలున్నవాళ్లు వేళకు ఇంటికి వెళ్లాలన్నది ఆమె పట్టుదల. ఎనిమిదేళ్ల పిల్లగా భారీ సినిమా సెట్లో పేలుళ్ల మధ్య వణికిపోయిన రోజుల గురించి ఆమె స్వయంగా రాశారు. నటిగా పడిన బాధను గుర్తుపెట్టుకుని, దర్శకురాలయ్యాక తన సెట్లో ఎవరికీ ఆ బాధ లేకుండా చూసుకున్నారు. ఇరవయ్యేళ్లకే తీసిన సినిమా ఎంత గొప్పదో, పదేళ్లు ఆగి తీసిన సినిమా కూడా అంతే గొప్పదని మా నమ్మకం. కానీ ఆగినవాళ్ల కోసం ఎదురుచూసే ఓర్పు ఈ పరిశ్రమలో చాలా తక్కువ.

కెనడాలో పరిస్థితి చాలా దేశాల కన్నా మెరుగు. 1967లో మొదలై ఇప్పుడు టెలిఫిల్మ్ కెనడా పేరుతో నడుస్తున్న సంస్థ ఉంది, క్యూబెక్‌లో సోడెక్ ఉంది. ప్రజల సొమ్ముతో సినిమాను నిలబెట్టే ఇలాంటి సంస్థలు ఉన్నచోటే డోలన్ లాంటి దర్శకుడు విసిగిపోతే, అవి లేనిచోట కుర్ర దర్శకుల గతి చెప్పేదేముంది? కాబట్టి సినిమా నిధి ఎక్కడ ఉన్నా మేం కోరేది ఇది. షూటింగ్‌కు డబ్బిచ్చి చేతులు దులుపుకోకండి. సినిమా థియేటర్‌కు చేరి, నాలుగు వారాలైనా నిలబడటానికి అయ్యే ఖర్చును కూడా మొదటి రోజే లెక్కలో వేయండి. కొత్తవాళ్లకిచ్చే ప్రోత్సాహం ఉండాల్సిందే. అయితే మూడో సినిమా, నాలుగో సినిమా దగ్గర చిక్కుకుపోయిన దర్శకుల కోసం విడిగా కొంత సొమ్ము పక్కన పెట్టండి. పెద్ద స్టార్ లేడన్న కారణంతో, పోయిన సినిమా ఆడలేదన్న కారణంతో ఆ దరఖాస్తును తోసేయకండి. పది గంటల పనిదినం పెట్టుకుంటే షూటింగ్ రోజులు పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది. ఆ అదనపు ఖర్చు భరించాల్సింది దర్శకుడి జేబు కాదు, నిధి.