ఫేస్‌బుక్ ఖాళీ కాలేదు, మనవాళ్లే కనబడటం లేదు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ధర తేల్చే వేలం, అంటే జెండా పాట, అయిపోయిన కాసేపటికే ఆనాటి మిర్చి ధర ఊళ్లకు చేరిపోతుంది. తేజ ఎంత పలికింది, వండర్‌హాట్ ఎంత పలికింది అని అడ్తి గుమస్తా రెండు ముక్కలు వాట్సాప్ గ్రూపులో వేస్తాడు, అంతే. పోయిన సీజన్‌లో ఒకరోజు నా పక్కనే బస్తాకు ఆనుకుని కూర్చున్న రైతు ఫోన్‌లో ఫేస్‌బుక్ తెరిచి ఉంది. బొటనవేలితో పైకి తోస్తూనే ఉన్నాడు. కోతుల వీడియో, ఎవరో చేసిన వంట, ఒక సీరియల్ ముక్క, ఏదో నాయకుడి పుట్టినరోజు పోస్టర్. "ఏం చూస్తున్నవ్ కాకా?" అంటే "ఏదొస్తె అదే" అన్నాడు. గ్రూపులో ధర పడ్డ చప్పుడు వినగానే దాన్ని వదిలేసి వాట్సాప్‌లోకి పోయాడు.

ఫేస్‌బుక్ నిలబడుతుందా, పడిపోతుందా అని ఎవరైనా అడిగితే నాకు ఆ జవాబే గుర్తొస్తుంది. 2023 నాటికే నెలకు 300 కోట్ల మందికి పైగా దాన్ని వాడుతున్నారు. అంతమంది ఉన్నదాన్ని చచ్చిపోయిందనలేం. కాకపోతే పని ఉన్నప్పుడు తెరిచేది ఒకటి, పని లేనప్పుడు తెరిచేది ఇంకొకటి. ఫేస్‌బుక్ మొదటి వరుసలోంచి రెండో వరుసలోకి జారింది.

చాలామంది దీన్ని ఆర్కుట్‌తో, అంటే అంతకుముందు మనవాళ్లు వాడిన గూగుల్ వారి స్నేహాల సైట్‌తో పోలుస్తారు. ఆర్కుట్ 2004 జనవరిలో, ఫేస్‌బుక్ ఫిబ్రవరిలో మొదలయ్యాయి. 2010లో మన దేశంలో ఫేస్‌బుక్ ముందుకు పోయింది, 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూతబడింది. అప్పుడు దోస్తులంతా ఒకరి వెనక ఒకరు లేచి వెళ్లిపోయారు, దుకాణం ఖాళీ అయింది. ఇప్పుడు జరుగుతున్నది అది కాదు. మనుషులు అక్కడే ఉన్నారు, ఒకరికొకరు కనబడటం లేదు. నా దృష్టిలో ఇది ఆర్కుట్ చావు కంటే బాధాకరం.

2011లో సకల జనుల సమ్మె నడుస్తున్నప్పుడు హన్మకొండ నెట్ సెంటర్లలో గంటకు ఇంత అని కట్టి కూర్చున్నవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. కాకతీయ యూనివర్సిటీలో ఏం జరిగిందో, ఏ ఊళ్లో రోడ్డు మీద వంటావార్పు పెట్టారో ఫేస్‌బుక్‌లో దోస్తుల గోడల మీదే చదివేవాళ్లం. పోస్టు పెట్టినవాడు తెలిసినవాడు, కింద కామెంటు రాసినవాడూ తెలిసినవాడే. గొడవపడ్డా పొద్దున చాయ్ హోటల్లో ఎదురుపడాల్సిందే కాబట్టి మాటకు ఒక హద్దుండేది.

ఆ గోడ ఎంత మిగిలిందో ఆ కంపెనీయే అమెరికా కోర్టుకు లెక్క చెప్పింది. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల కొనుగోలు మీద అక్కడి ప్రభుత్వం వేసిన కేసులో 2025 నవంబర్‌లో ఫేస్‌బుక్ సొంతదారు మెటా గెలిచింది. అక్కడివాళ్లు ఫేస్‌బుక్‌లో గడిపే సమయంలో స్నేహితుల పోస్టులు చూసేది 17 శాతమేనని, ఇన్‌స్టాగ్రామ్‌లోనైతే 7 శాతమేనని ఆ తీర్పులో ఉంది. మేం స్నేహితులను కలిపే వ్యాపారంలో గుత్తాధిపతులం కాదు, టిక్‌టాక్, యూట్యూబ్‌లతో పోటీపడే వీడియోల కంపెనీమి అని వాదించి గెలిచారు. కేసు గెలవడానికి పనికొచ్చిన మాటే దాని అసలు జబ్బును బయటపెట్టింది.

కంపెనీకి వచ్చిన ముప్పేమీ లేదు. 2012లో 100 కోట్ల డాలర్లకు ఇన్‌స్టాగ్రామ్‌ను, 2014లో 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్‌ను కొన్నప్పుడే తన వారసులను తానే ఎంచుకుంది. ఎనుమాముల రైతు ఫేస్‌బుక్ వదిలి వాట్సాప్‌కు పోయినా అదే ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి పోయినట్టే. మన దేశంలో అదృష్టం కూడా కలిసొచ్చింది. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది, పది రోజులు తిరక్కముందే ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చాయి. గట్టి పోటీదారు సరిహద్దు దగ్గరే ఆగిపోయిన చోట సాధించిన ఆధిపత్యాన్ని మొత్తం సొంత బలం కింద లెక్కేయలేం.

పైగా ఇక్కడ కొత్తగా పుట్టిన ప్రతిభ దాని ఒడిలో పుట్టలేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మొదలైన మై విలేజ్ షో, అందులోంచి ఇంటింటికీ తెలిసిన గంగవ్వ, ఇద్దరికీ పేరు తెచ్చింది యూట్యూబే. అది పెద్ద వీడియోల మీద వచ్చే యాడ్ ఆదాయంలో 55 శాతం చేసినవాళ్లకిస్తుంది. కెమెరా కొనుక్కున్న పల్లె పిల్లగాడు ముందు ఎటు చూస్తాడో వేరే చెప్పక్కర్లేదు.

అయినా ఫేస్‌బుక్‌ను తీసిపారేయలేకపోవడానికి నాకో కారణం ఉంది, అది గల్ఫ్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్ల నుంచి పోయిన కార్మికులు ఇంటివాళ్లతో మాట్లాడటానికి దానిమీద ఆధారపడరు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు కాబట్టి బోటిం లాంటి కాలింగ్ యాప్‌లు వాడతారు. కానీ పాస్‌పోర్టు గుంజుకున్నారనో, నెలల తరబడి జీతం ఇవ్వలేదనో గది గోడకు ఆనుకుని సెల్ఫీ వీడియో తీసినప్పుడు అది ఇంటివాళ్లకు చేరితే సరిపోదు. ముక్కూమొహం తెలియనివాళ్లకు, విలేకరికి, ఎమ్మెల్యే మనుషులకు, అక్కడున్న మనవాళ్ల సంఘాలకు చేరాలి. పదిమంది గ్రూపులో పెట్టిన మొర ఆ పదిమంది దగ్గరే ఆగిపోవచ్చు. బహిరంగంగా పెట్టిన వీడియోను ఎవరైనా షేర్ చేయొచ్చు. రక్తం కావాలన్నా, మేడారం జాతరలో పిల్ల తప్పిపోయినా ఇంతే. అందుకు వేదికగా అది ఈరోజుకీ పనికొస్తోంది. అయితే ఆ వీడియో కూడా కోతులు, సీరియల్ ముక్కలు పోటీపడే వరుసలోనే నిలబడాలి. జనం ఎంతసేపు చూస్తారన్నదే కొలత అయినప్పుడు, మసక గదిలో ఏడుస్తూ మాట్లాడే మనిషి ఎంతమంది దాకా వస్తాడన్నది నన్ను నిజంగా భయపెట్టే ప్రశ్న.

2025 మార్చిలో ఆ కంపెనీ మొదట అమెరికా, కెనడాల్లో స్నేహితుల పోస్టులకే ప్రత్యేకంగా ఒక ట్యాబ్ తెచ్చింది. పోగొట్టుకున్నదేమిటో వాళ్లకు తెలిసిందన్నమాట. అలాంటి ప్రయత్నం నిజమైనదా కాదా అని తేల్చడానికి నేను షేర్ ధర చూడను. షార్జాలో ఉన్న కొడుకు పొద్దున పెట్టిన ఫొటో, వెతక్కుండానే, కోరుట్లలో ఉన్న తల్లి ఫోన్‌లో ఆరోజే కనబడిందా అని చూస్తాను.